ఒక్క కొనుగోలుదారు కొలతకు కట్టిన విమానాలు

బ్రిటన్ ప్రయాణికుల విమానాల కథను చాలామంది రెండు ముక్కల్లో తేల్చేస్తారు. తొలి జెట్ కామెట్ కూలిపోయింది, ధ్వనిని మించిన వేగంతో ఎగిరే కాంకార్డ్ ఖజానాకు చిల్లు పెట్టింది. ఇంకాస్త ఓపిక ఉన్నవాళ్లు మూడో ముక్క కూడా కలుపుతారు: అంత చిన్న దేశం అమెరికాతో పోటీకి దిగితే అంతే మరి అని. ఈ మూడో మాటతోనే నాకు పేచీ. విస్తీర్ణంలో బ్రిటన్ చిన్నదే. మన రెండు తెలుగు రాష్ట్రాలను కలిపితే దానికంటే కాస్త పెద్దవే అవుతాయి. కానీ బ్రిటన్‌లో ఆరో వంతు ఉండే నెదర్లాండ్స్‌లో ఫోకర్ అనే సంస్థ ఎఫ్ 27 ఫ్రెండ్‌షిప్ విమానాలను 580కి పైగా తయారుచేసి అమ్మింది. మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ కూడా వాటిని ఏళ్ల తరబడి నడిపింది. ఫోకర్ తన మొదటి విమానాన్ని అప్పగించింది సొంత దేశపు సంస్థకు కూడా కాదు, ఐర్లండ్‌కు చెందిన ఏర్ లింగస్‌కు. చిన్న దేశం కావడమే శాపమైతే ఈ లెక్క ఎలా కుదిరింది?

యుద్ధం ఇంకా ముగియకముందే, 1942 చివర్లో, శాంతికాలంలో ఎలాంటి విమానాలు కావాలో తేల్చడానికి బ్రిటన్ లార్డ్ బ్రబజాన్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. రవాణా విమానాల తయారీ ఎక్కువగా అమెరికాకు వదిలి తాము బాంబర్లు, ఫైటర్ల మీద పడ్డారు కాబట్టి, యుద్ధం అయిపోయాక ఆకాశమంతా అమెరికాదే అవుతుందన్న భయం వారిది. భయం సహేతుకమే. అందులోంచి పుట్టిన మొదటి నమూనా మాత్రం వింతైనది. బ్రిస్టల్ సంస్థ కట్టిన ఆ విమానానికి బ్రబజాన్ పేరే పెట్టారు. రెక్కల వెడల్పు 230 అడుగులు, ఇంజన్లు ఎనిమిది. ఇంతా చేసి ఎక్కేది వంద మంది. అట్లాంటిక్ మీద సుదీర్ఘంగా ప్రయాణించే ప్రముఖులకు ఓడలో ఉన్నంత సౌఖ్యం ఉండాలని లోపల సినిమా హాలు, బారు కూడా ఊహించారు. అది ఎగరడానికి ఫిల్టన్‌లో రన్‌వే పొడిగించాల్సి వచ్చి చార్ల్‌టన్ అనే ఊరినే నేలమట్టం చేశారు. 1949 సెప్టెంబరు 4న అది గాల్లోకి లేచింది. కొనేవాడు ఒక్కడూ రాలేదు. 1953లో దాన్ని తుక్కు కింద అమ్మేశారు.

బ్రబజాన్ కంటే ముందే, 1949 జులైలో, కామెట్ ఎగిరింది. 1952 మే 2న లండన్ నుంచి జొహన్నెస్‌బర్గ్‌కు ప్రయాణికులను మోసుకెళ్లి ప్రపంచపు తొలి జెట్ విమాన సర్వీసుగా నిలిచింది. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1953 మే 2న, కలకత్తా దమ్‌దమ్ నుంచి బయలుదేరిన కామెట్ తుపాను గాలుల్లో ముక్కలైంది. 1954 జనవరిలో ఎల్బా దీవి దగ్గర ఒకటి, ఏప్రిల్‌లో నేపుల్స్ దగ్గర మరొకటి సముద్రంలో కూలాయి. ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధన కేంద్రంలో ఒక కామెట్‌ను నీళ్ల తొట్టెలో దించి, లోపలి పీడనాన్ని పెంచుతూ తగ్గిస్తూ పరీక్షించారు. అంతకుముందు చేసిన ప్రయాణాలతో కలిపి దాదాపు 3 వేల సార్లు పీడనం భరించాక దాని తొడుగు చీలిపోయింది. లోహం అలసిపోతుందన్న సంగతి అంతకుముందూ తెలిసినదే. పీడనంతో నింపిన విమానం తొడుగులో అది ఎంత త్వరగా ప్రాణాంతకమవుతుందో మాత్రం ఇక్కడే తేలింది. ఆ ఫలితాలను బ్రిటన్ దాచుకోలేదు, పోటీదారులతో సహా అందరి ముందూ పెట్టింది. బ్రిటిష్ విమానాల చరిత్రలో నిజంగా గర్వించాల్సిన ఘట్టం ఏదని అడిగితే నేను ఆ నీళ్ల తొట్టెనే చూపిస్తాను.

అయితే పరిశ్రమను ముంచింది కామెట్ ప్రమాదాలు కావు. సరిదిద్దిన కామెట్ 4, 1958 అక్టోబరు 4న, బోయింగ్ 707 కంటే మూడు వారాల ముందే అట్లాంటిక్ మీద జెట్ సర్వీసు మొదలుపెట్టింది. అసలు కథ తెలియాలంటే ట్రైడెంట్ అనే విమానాన్ని చూడాలి.

ఐరోపా మార్గాల్లో తిరిగే ప్రభుత్వ సంస్థ బీఈఏ కోరిక మేరకు, కామెట్‌ను కట్టిన డీ హావిలాండ్ సంస్థ 1950ల చివర్లో మూడు ఇంజన్ల జెట్‌ను గీసింది. 111 సీట్లు, రోల్స్ రాయిస్ వారి మెడ్‌వే ఇంజన్లు, మంచి దూరం. అప్పటికి ప్రపంచంలో అలాంటిది ఇంకొకటి లేదు. అంతలో 1958లో ప్రయాణికుల రద్దీ కాస్త మందగించింది. బీఈఏ కంగారుపడి, ఇంత పెద్దది మాకు వద్దు, కుదించండి అంది. మెడ్‌వేకు బదులు చిన్న స్పే ఇంజన్లు వచ్చాయి, సీట్లు 97కి, దూరం ఇంకా తక్కువకు దిగాయి. రెండు మూడు త్రైమాసికాల లెక్కలు చూసి ఇరవై ఏళ్లు ఎగరాల్సిన విమానాన్ని కత్తిరించారన్నమాట. ఒకే ఒంటికి కొలత తీసి కుట్టిన చొక్కా ఇంకెవరికి పడుతుంది? పైగా ఆ ఒళ్లు కూడా పెరిగింది. 1966 నాటికి బీఈఏకే ట్రైడెంట్ చాలక, బోయింగ్ విమానాలు కొనుక్కుంటామని ప్రభుత్వాన్ని అడిగింది. వీల్లేదు, స్వదేశీదే కొనాలన్నారు. అందుకని ట్రైడెంట్‌ను సాగదీశారు. సాగదీసింది నేల విడవడానికి బలం చాలక తోకలో నాలుగో చిన్న ఇంజన్ తగిలించారు. సాగదీయక ముందు ఈ ట్రైడెంటే 1965లో ప్రయాణికులతో దిగుతూ ప్రపంచంలో తొలిసారి ఆటోమేటిక్‌గా నేలను తాకింది. ఇంజనీర్లకు తెలివి తక్కువై కాదు ఇదంతా. తయారైన ట్రైడెంట్లు 117.

ఆ ఖాళీలోకి వచ్చిన బోయింగ్ 727లు 1,830కి పైగా అమ్ముడుపోయాయి. అందులో నన్ను ఆకట్టుకునేది అమ్మకాల సంఖ్య కంటే అది పుట్టిన తీరు. అమెరికాలో ఎత్తైన డెన్వర్ నుంచి నడిపే యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు నాలుగు ఇంజన్లు కావాలి. ఖర్చు చూసుకునే అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు రెండు చాలు. కరీబియన్ సముద్రం దాటే ఈస్టర్న్‌కు మూడు ఉండాలి. ముగ్గురినీ ఒప్పించలేకపోతే బోయింగ్‌కు విమానమే లేదు. ఆ గొడవలోంచి బయటపడ్డ విమానం ఎవరికీ పూర్తిగా నచ్చలేదేమో గానీ అందరికీ పనికొచ్చింది. పెద్ద దేశానికి ఉన్న అసలు సౌలభ్యం ఇదే అనిపిస్తుంది: తమలో తాము ఏకీభవించని కొనుగోలుదారులు ఇంట్లోనే దొరకడం. న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్ దాదాపు 4 వేల కిలోమీటర్లు, లండన్ నుంచి ఎడిన్‌బరో మన హైదరాబాద్ నుంచి చెన్నై అంత. ఆ చిన్న పరిధిలోనూ బ్రిటన్‌కు ఉన్నవి రెండే పెద్ద సంస్థలు, రెండూ సర్కారువే. ఒకటి దగ్గరి ప్రయాణాలకు, ఇంకొకటి దూర ప్రయాణాలకు. అంటే ప్రతి రకానికీ ఒక్కడే కొనుగోలుదారు.

ఈ గీత దాటిన బ్రిటిష్ విమానం కూడా ఉంది. వైకర్స్ వైకౌంట్‌ను మొదట బీఈఏ కోసమే తలపెట్టినా, ట్రాన్స్ కెనడా సంస్థ తన చలికి, తన నిబంధనలకు తగ్గట్టు ఎన్నో మార్పులు కోరింది. వైకర్స్ విసుక్కోకుండా చేసిపెట్టింది. ఆ మార్పులే అమెరికాలో క్యాపిటల్ ఎయిర్‌లైన్స్‌కు 60 విమానాలు అమ్మడానికి దారి తీశాయి. మొత్తం 445 వైకౌంట్లు అమ్ముడయ్యాయి. 1957 నుంచి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కూడా నడిపింది. బ్రిటన్ కట్టిన పెద్ద విమానాల్లో ఇంతగా అమ్ముడుపోయింది మరొకటి లేదు.

మిగతావాటి సంగతి అంతకంటే త్వరగా చెప్పొచ్చు. వీసీ 10ను ఆఫ్రికా, ఆసియాల్లోని ఎత్తైన, వేడెక్కిన విమానాశ్రయాల నుంచి ఎగిరేలా, దూర ప్రయాణాల సర్కారు సంస్థ బీఓఏసీ కోసం చేశారు. అది సిద్ధమయ్యేసరికి ఆ విమానాశ్రయాలు 707 కోసం రన్‌వేలు పొడిగించుకున్నాయి. ప్రయాణికులు మెచ్చినా, నడపడం ఖర్చని బీఓఏసీయే బహిరంగంగా ఫిర్యాదు చేసింది. మొత్తం 54 దగ్గర ఆగిపోయింది. కాంకార్డ్‌కు 1962లో ఫ్రాన్స్‌తో చేసుకున్న ఒప్పందంలో తప్పుకునే దారే లేదు. 1964లో వచ్చిన లేబర్ ప్రభుత్వం వదిలించుకోవాలని చూసి వీలుకాక కొనసాగించింది. ఎయిర్‌లైన్స్ సర్వీసులోకి వచ్చినవి 14, వాటిని తీసుకున్నవి కట్టిన రెండు దేశాల సంస్థలే.

ఇక వారసత్వం ఎక్కడ మిగిలిందంటే, జెండా కనిపించని చోట. 1969లో బ్రిటిష్ ప్రభుత్వం ఐరోపా దేశాల ఉమ్మడి ఎయిర్‌బస్ ప్రయత్నం నుంచి బయటికి వచ్చేసింది. హాకర్ సిడ్లీ సంస్థ మాత్రం రెక్కల పని వదలలేదు. పదేళ్ల తర్వాత బ్రిటిష్ ఏరోస్పేస్ 20 శాతం వాటాతో తిరిగి చేరింది. ఇవాళ శంషాబాద్‌లో ఇండిగో ఎయిర్‌బస్ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే కనిపించే రెక్క దాదాపు ఖాయంగా వేల్స్‌లోని బ్రాటన్ ఫ్యాక్టరీలో రూపుదిద్దుకున్నదే. లండన్ పత్రికల్లో కాంకార్డ్ మీద కన్నీళ్లు కారినంతగా ఆ రెక్క గురించి ఎవరూ రాయరు. కానీ ఉద్యోగాలూ, నైపుణ్యమూ నిలిచింది అక్కడే.

ఇదంతా మనకెందుకంటే, 2025 అక్టోబరులో మన ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్, రష్యా సంస్థ యూఏసీతో ఎస్‌జే 100 ప్రయాణికుల జెట్‌ను ఇక్కడ తయారుచేయడానికి అవగాహన కుదుర్చుకుంది. పూర్తి ప్రయాణికుల విమానం ఇక్కడ తయారవడం 1961లో మొదలై 1988లో ముగిసిన ఆవ్రో 748 తర్వాత ఇదేనని సంస్థే చెప్పుకుంది. ఆ ఆవ్రో కూడా బ్రిటిష్ విమానమే. కాన్పూర్‌లో 89 చేశాం. అవి వెళ్లింది మన వాయుసేనకు, మన ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు. మాంచెస్టర్ నుంచి విమానంతో పాటు బీఈఏ జబ్బు కూడా దిగుమతి అయిందనాలి. ఇటు హైదరాబాద్ పక్కన ఆదిభట్లలో టాటా, బోయింగ్ సంయుక్త సంస్థ అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజిలేజ్‌లు (దేహ భాగాలు), 737 విమానాల తోక రెక్కలు తయారుచేస్తోంది. వాటిని కొనేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు.

ఆదిభట్లతో సరిపెట్టుకుని సొంత విమానం ఊసే ఎత్తొద్దని నేననడం లేదు. బ్రిటన్‌కు లేనిది మనకు ఇప్పుడు ఉంది. వందల కొద్దీ విమానాలకు ఆర్డర్లు పెట్టిన, ఒకదానితో ఒకటి పడని ప్రైవేటు సంస్థలు మన దేశంలోనే ఉన్నాయి. వచ్చే పదేళ్లలో ఈ తరగతి జెట్లు దేశానికి 200కు పైగా కావాలని హెచ్ఏఎల్ అంచనా వేసింది. అంచనా వేసింది తయారీదారు. ఇండిగో, ఎయిర్ ఇండియా, ఆకాశ ఎయిర్ ప్రతినిధులను ఒకే గదిలో కూర్చోబెట్టి, ఎన్ని సీట్లు, ఏ ఇంజన్, కిలోమీటరుకు ఎంత ఖర్చు అన్నవాటి మీద వాదించుకోనిచ్చి, ఆ తర్వాతే సంతకాలు పెట్టించారా అన్నది ఆ ప్రకటన చదివిన ప్రతి ఒక్కరూ అడగాల్సిన ప్రశ్న.