పెన్నేరుకు పట్టిన శాతం పిచ్చి

పెన్నేరు గడ్డకు, అంటే మన అశ్వగంధ వేరుకు, బొత్తిగా బాధ్యత తెలియదు. గుణమంతా విథనొలైడ్లనే రసాయనాలదేనని లోకం నమ్ముతుంటే, పీకి ఆరబెట్టి పొడికొట్టిన వేరులో అవి సాధారణంగా ఒక శాతానికి కూడా చేరవు. 28 కర్బన పరమాణువులను ఓపిగ్గా కూర్చి ఒక్కో విథనొలైడ్‌ను, అంటే ఒక స్టెరాయిడల్ లాక్టోన్‌ను, కట్టే మొక్క, సరుకు కాస్త ఎక్కువ చేస్తే దాని సొమ్మేం పోయింది?

అదృష్టం, సీసా మీది చీటీకి ఈ పేదరికం లేదు. అక్కడ ఐదు శాతం, పక్క సీసా మీద పది. సారం తీస్తే శాతం పెరుగుతుంది, కాదనం. అయినా చాలకపోతే పరీక్ష మార్చుకోవచ్చు. హెచ్‌పీఎల్‌సీ అనే చాదస్తపు యంత్రం ఒక్కో విథనొలైడ్‌ను విడదీసి లెక్కిస్తుంది. గ్రావిమెట్రీ ఉదార స్వభావం కలది: ద్రావణిలో కరిగి వచ్చిన బాపతును ఆరబెట్టి, మొత్తంగా తూచేస్తుంది. వడ్లను తూర్పారబట్టకుండా పొల్లుతో సహా కాటా వేసినట్టు. పొడి ఒకటే, అంకె మాత్రం పెద్దది.

ఇంకా చాలకపోతే ఆకు ఉండనే ఉంది. వేరు కోసం ఐదారు నెలలు ఆగాలి, తవ్వాలి, కడగాలి. ఆకు దాదాపు ఉచితం, పైగా విథాఫెరిన్-ఎ అనే విథనొలైడ్ దానిలోనే దండి. 1960ల్లో ఇజ్రాయెల్‌లో డేవిడ్ లావీ బృందం ఆ అణువు నిర్మాణం తేల్చిందీ ఆకుల్లోంచి తీసిన సరుకుతోనే. ఇంత లాభసాటి ఆకును వాడొద్దని 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ తయారీదారులకు చెప్పింది. వ్యాపారం తెలియని శాఖ!

మధ్యప్రదేశ్‌లోని నీముచ్ మండీలోనూ అదే అజ్ఞానం. రైతు తెచ్చిన వేరు పొడవు, లావు, తెలుపు చూసి ధర కడతారు. విథనొలైడ్ ఎంతని అడిగే నాథుడు లేడు. శాతానికి డబ్బు చెల్లించే భాగ్యం కొనేవాడికే దక్కాలన్న సదుద్దేశం కాబోలు.

కనుక ప్రభుత్వానికి నా విన్నపం. మొక్క మొత్తాన్నీ చట్టప్రకారం వేరుగా ప్రకటించాలి. పరీక్షా విధానాన్ని మార్కెటింగ్ విభాగమే ఎంపిక చేయాలి. అశ్వగంధ సప్లిమెంట్లు వాడినవారిలో కామెర్లు కనిపించిన కేసులను ఐస్‌లాండ్, అమెరికా వైద్యులు 2020లో ప్రచురించారు. 2023లో డెన్మార్క్ ఏకంగా నిషేధించింది. అలాంటి పిరికితనం మనకొద్దు. ప్రతి సీసాలో కాలేయ పరీక్ష కూపన్ ఒకటి పెడితే సరి. ఆ రిపోర్టులోనూ పెరిగేవి అంకెలే కదా.