రిజల్యూషన్ పెంచినంత మాత్రాన నీళ్ళు కుదుటపడవు

గ్లాసులో నిలకడగా ఉండాల్సిన నీళ్ళు పొయ్యి మీద మరుగుతున్నట్టు కుతకుతలాడుతుంటే బ్లెండర్ (త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్) నేర్చుకునేవాళ్ళకి అందరూ చెప్పే సలహా ఒకటుంది: "రిజల్యూషన్ డబుల్ చెయ్యి, తగ్గకపోతే విస్కాసిటీ (చిక్కదనం) పెంచు, అప్పటికీ కదిలితే స్మూత్ మాడిఫయర్ వెయ్యి." నేను ఈ మూడూ చేశాను. రెండు రాత్రుళ్ళు బేకింగ్‌కే (నీటి కదలికను ఫ్రేము ఫ్రేముకీ లెక్కించి దాచడానికే) పోయాయి, నీళ్ళు మాత్రం ఆగలేదు. ఇంకొకరి రాత్రుళ్ళు అలా పోకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు రిజల్యూషన్ సంగతి. నీటిని లెక్కించే పెట్టెని, అంటే డొమైన్‌ని, బ్లెండర్ చిన్న చిన్న గళ్ళుగా (గ్రిడ్) విడగొడుతుంది. పొడవైన పక్కన ఎన్ని గళ్ళో చెప్పేదే రిజల్యూషన్. డొమైన్ ఘనాకారంలో ఉంటే 64ని 128 చేసినప్పుడు గళ్ళు 2,62,144 నుంచి 20,97,152 అవుతాయి. ఎనిమిది రెట్లు! ఇంత భారం మోసినా లాభం లేదు. ముతక గ్రిడ్ తనంతట తానే మింగేసే చిన్న చిన్న అలలు సన్న గ్రిడ్‌లో బతికిపోతాయి. వణుకు సన్నబడుతుందే తప్ప ఆగదు.

అసలు ఆ వణుకు పుట్టేది వేరే చోట. బ్లెండర్ 2.82తో 2020లో వచ్చిన మాంటాఫ్లో అనే ద్రవాల సిమ్యులేటర్ నీటిని కణాలుగానూ, గ్రిడ్‌గానూ లెక్కిస్తుంది. ప్రతి స్టెప్పులో కణాల వేగాలను గ్రిడ్ మీదకి తెచ్చి, ఒత్తిడి సరిచేసి, తిరిగి కణాలకి ఇస్తుంది. గ్రిడ్‌లో ఉన్న వేగాన్నే ఇచ్చేస్తే అది పిక్ పద్ధతి. అందులో ఇరుగుపొరుగు వేగాల సగటు పడుతుంది కాబట్టి కదలిక త్వరగా చల్లారుతుంది. వేగంలో వచ్చిన మార్పును మాత్రమే కణం పాత వేగానికి కలిపితే ఫ్లిప్. అప్పుడు గ్రిడ్‌కి కనపడని సొంత వణుకు కణంలో అలాగే మిగిలిపోతుంది. పిక్ మరీ చల్లార్చేస్తోందనే బ్రాక్‌బిల్, రుప్పెల్ అనే పరిశోధకులు 1986లో ఫ్లిప్ తెచ్చారు. 2005లో జూ, బ్రిడ్సన్ దాన్ని యానిమేషన్‌లోకి తీసుకొచ్చి, రెండింటినీ పాళ్ళలో కలుపుకోవచ్చని చూపించారు. ఆ కలపడంలో ఫ్లిప్ వాటానే బ్లెండర్‌లో కనిపించే ఫ్లిప్ రేషియో. డిఫాల్ట్ 0.97, అంటే నీళ్ళు చిందే షాట్లకి తగ్గ విలువ. గ్లాసు నీళ్ళకైతే రిజల్యూషన్ 64లోనే ఉంచి, ఫ్లిప్ రేషియోని 0.5 దాకా దించి చూడండి.

విస్కాసిటీ సలహాలో కొంత నిజముంది. అది పెద్ద అలల కంటే చిన్న అలలనే ముందు అణుస్తుంది. కానీ బ్లెండర్ ప్రీసెట్లలో నీటికీ తేనెకీ తేడా 2,000 రెట్లు. కంటికి తెలిసేంత పెంచేసరికి గ్లాసులో ఉన్నది నీళ్ళలా కాక పాకంలా కదులుతుంది.

స్మూత్ మాడిఫయర్ ఏ ఫ్రేమ్‌కి ఆ ఫ్రేమ్ నున్నగా చేస్తుంది, అంతే. ముందు ఫ్రేమ్‌లో ఏముందో దానికి తెలియదు, అందుకే ప్లే చేస్తే వణుకు అలాగే కనిపిస్తుంది. మోతాదు పెంచితే నీటి అంచు గాజు గోడ నుంచి విడిపోయి సన్నటి సందు పడుతుంది. క్లోజప్‌లో ముందు కనపడేది ఆ సందే.

ఆ సలహాలో లేని మాట ఇంకొకటుంది. మొదటి ఫ్రేమ్‌లో కణాలు కాస్త చెదురుగా చల్లినట్టు ఉంటాయి, సర్దుకునేటప్పుడు నీటిమట్టం ఊగుతుంది. షాట్‌ని ఒకటో ఫ్రేమ్ నుంచే మొదలుపెట్టకండి. ఓ వంద ఫ్రేములు ఎక్కువ బేక్ చేసి, కాష్‌లో (బేక్ చేసినది దాచుకునే చోట) ఆఫ్‌సెట్ పెట్టి, నీళ్ళు సర్దుకున్నాకే కెమెరా తెరవండి.