వెంపటి చినసత్యం కూచిపూడిని పాడు చేశారా?

“సినిమా డాన్సుల నుంచి వచ్చిన వెంపటి చినసత్యం ఆడపిల్లల్ని రంగం మీదికి తెచ్చి, కూచిపూడిని భరతనాట్యంలా మార్చేశారు, సంప్రదాయాన్ని మాయం చేశారు” అనే మాటను చాలామంది నమ్మి పదిమందికీ పంచుతున్నారు. చాలా అన్యాయమైన మాట ఇది.

సినిమాల నుంచి రావడమేమిటి? ఆయన 1929లో పుట్టిందే కూచిపూడి ఊళ్ళో. తాడేపల్లి పేరయ్యశాస్త్రి, వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి ఆయన గురువులు. మద్రాసులో అన్న వరసైన పెదసత్యం గారికి సహాయకుడిగా సినిమాలకు పనిచేసిన మాట నిజమే. పూట గడవాలి కదా! 1963లో అక్కడే కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆ తర్వాత బతుకంతా పాఠం చెప్పడం, నృత్యనాటకాలు కట్టడమే.

ఇక ఆడపిల్లలంటారా, వాళ్ళకు నేర్పడం ఆయన గురువు లక్ష్మీనారాయణశాస్త్రి గారే మొదలుపెట్టారు. మగవాళ్ళ స్త్రీవేషమూ ఆగిపోలేదు. అకాడమీ వచ్చాక కూడా వేదాంతం సత్యనారాయణశర్మ గారు దశాబ్దాలపాటు సత్యభామగా ఆడారు, 1970లో పద్మశ్రీ అందుకున్నారు.

అసలు చర్చంతా భరతనాట్యం పోలిక దగ్గరే. చినసత్యం గారు అడుగులను ఒక వరసలో పెట్టి, ఒక్కో అడుగునూ మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, సాధన చేయించారు. అరమండి, అంటే మోకాళ్ళు పక్కలకు వంచి నిలిచే భంగిమ, సరిగ్గా కూర్చోవాలి, చెయ్యి ఎక్కడ ఆగాలో అక్కడే ఆగాలి. ఈ శుద్ధి చూసి భరతనాట్యం అనేస్తే ఎలా? ఆ ఊపు, ఆ విసురు కూచిపూడివే. ఆయన ‘శ్రీకృష్ణ పారిజాతం’లో సత్యభామ ప్రవేశ దరువుతోనే, అంటే పాత్ర తనను తాను పరిచయం చేసుకునే పాటతోనే, వస్తుంది. తన పేరూ గొప్పా తానే చెప్పుకుంటూ, ఆ టెక్కంతా నడకలో చూపిస్తూ వచ్చే ఆ రాక పాత కూచిపూడి ఆటగాళ్ళైన భాగవతుల సొత్తు. దాన్ని ఆయన వదల్లేదు.

వాచికం, అంటే నటుడు తానే పాడి మాట్లాడటం, మాత్రం తగ్గింది. యక్షగానంలో పాత్రధారి తానే పాడుతూ, మాట్లాడుతూ ఆడేవాడు. ఈ నృత్యనాటకాల్లో పాట ఎక్కువగా పక్కన కూర్చున్న గాయకులదే. అది నష్టమే, ఆ మాట అనేవాళ్ళతో నాకు పేచీ లేదు.

కానీ అదే మనిషి ఠాగూరు ‘చండాలిక’ కథను తీసుకుని తన శిష్యురాలు శోభానాయుడు గారితో ఆడించారు. బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ళే ఆడుతూ వచ్చిన కళలో అంటరానిదన్న ముద్ర పడిన పిల్లే నాయిక అయింది. దాహమన్న బౌద్ధ భిక్షువుకు ఆమె పోసిన నీళ్ళే ఆ కథకు ప్రాణం. ఈ మార్పు కూచిపూడికి కావలసిందే.