మొదటి సెమిస్టర్ మార్కులు లెక్కలోంచి తీసేయండి

బీటెక్‌లో చేరిన రెండు నెలలకు దసరా సెలవులకు ఇంటికొచ్చాడు మా మేనల్లుడు. కాలేజీ ఎలా ఉందిరా అని అడిగితే, "బానే ఉంది మామయ్యా, కానీ ఎప్పుడు ఏం చదవాలో ఎవరూ చెప్పట్లేదు" అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. వాడు రెండేళ్లు రెసిడెన్షియల్ ఇంటర్ చదివాడు. పొద్దున్నే స్టడీ అవర్‌కి వార్డెన్ లేపేవాడు. ఏ రోజు ఏ చాప్టరో మైక్రో షెడ్యూల్ చెప్పేది. వీకెండ్ టెస్టు వచ్చిందంటే వారం గడిచినట్టు. అమ్మతో మాట్లాడాలన్నా ఔటింగ్ దాకా ఆగాలి. అలా పెరిగిన కుర్రాణ్ని ఒక్కసారిగా వదిలేసి, నీ టైమ్ నువ్వే చూసుకో అన్నాం.

ఏటా ఈ సీజన్‌లో ఫస్టియర్ పిల్లలకు ఉచిత సలహాలు మొదలవుతాయి. ఫోన్ తగ్గించండి, టైమ్ టేబుల్ వేసుకోండి, టెన్షన్ పడకండి అని. తప్పంతా అడ్జస్ట్ కాలేని పిల్లలదే అన్నట్టు ఉంటుంది వరస. అసలు అడ్జస్ట్ కావాల్సింది వాళ్లు కాదు, మన రెగ్యులేషన్లు.

ఇంజినీరింగ్ ఎంట్రన్స్ ఎప్‌సెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు. ఒక్కోదానికి 67 సెకన్లు. ఆప్షన్ చూసి ఎలిమినేట్ చేయడం, ఫార్ములా గుర్తుకు రాగానే బబుల్ క్లిక్ చేయడం, ఇదే రెండేళ్ల సాధన. ఆ చేతికి సీ ప్రోగ్రామింగ్ ఇచ్చి లాజిక్ నువ్వే రాయమంటాం. నాలుగు ఆప్షన్లు లేని ప్రశ్న ముందు పిల్లవాడు బిక్కముఖం వేస్తే వింతేముంది? కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ)లో సీటొచ్చేదాకా ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్లు జిల్లాల నుంచి వచ్చే బ్యాచుల్లో కొత్తేం కాదు.

ఈలోగా మిడ్స్ వచ్చిపడతాయి, అంటే సెమిస్టర్ మధ్యలో కాలేజీలోనే పెట్టే పరీక్షలు. ఇంటర్నల్ మార్కులు ఎక్కువగా వీటివే. జేఎన్‌టీయూ హైదరాబాద్ 2018 రెగ్యులేషన్ (ఆర్18)లో నూటికి 25గా ఉన్న ఆ మార్కులు 2022 నాటి ఆర్22లో 40 అయ్యాయి. నాలుగో ఏడాది విద్యార్థికి ఇది వరమే కావచ్చు. చివరి విడత కౌన్సెలింగ్‌లోనో, స్పాట్ అడ్మిషన్‌లోనో చేరి, క్లాసులు కొన్ని పోయాక హాస్టల్ గది వెతుక్కుంటున్న పిల్లకు మాత్రం శాపం. ఆ మార్కులు అక్కడితో పోతాయా? అన్ని సెమిస్టర్ల సగటు గ్రేడైన సీజీపీఏలో కూర్చుంటాయి. మూడేళ్ల తర్వాత ప్లేస్‌మెంట్‌కి వచ్చిన కంపెనీ 60 శాతం కటాఫ్ పెడితే, పందొమ్మిదో పుట్టినరోజు కూడా రాకముందు చేసిన తడబాటుకు అప్పుడు బిల్లు కట్టాలి. ఆ మార్కులు కొలిచింది ఆ పిల్ల ఇంజినీరింగ్‌ని కాదు, ఇంటర్ హ్యాంగోవర్‌ని.

అందుకే నా డిమాండ్ ఒక్కటే. మొదటి సెమిస్టర్‌లో పాస్ కావాలి, అంతే. గ్రేడ్ సీజీపీఏలో కలపొద్దు. ఇదేమీ నా బుర్రలో పుట్టిన వింత కాదు. అమెరికాలో ఎంఐటీ దశాబ్దాలుగా చేస్తున్నదే. అక్కడ తొలి సెమిస్టర్‌లో పాసైతే పాస్ అని రాస్తారు. ఫెయిలైతే బయటికిచ్చే ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఆ సబ్జెక్టే కనిపించదు. ప్రపంచంలోని అతి తెలివైన పిల్లలు చేరే చోటే కుదురుకోవడానికి ఆర్నెల్లు ఇస్తుంటే, మన పిల్లలు రెండు మిడ్స్ మధ్యలో కుదురుకోవాలి!

మార్కులు లేకపోతే ఎవడు చదువుతాడండీ అంటారు లెక్చరర్లు. నిజమే, కొందరు చదవరు. వాళ్లు ఇప్పుడూ చదవట్లేదు. 75 శాతం హాజరు నిబంధన ఎటూ ఉంది, పాస్ కాకపోతే సప్లీ ఎటూ ఉంది. ఇంక భయం ఎందుకు?

చేరగానే కొత్తవాళ్లకు పెట్టే పరిచయ కార్యక్రమం, ఇండక్షన్, ఉంది కదా అనొచ్చు. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ చెప్పింది మూడు వారాలు. నేను చూసిన కాలేజీల్లో అది ఛైర్మన్ గారి ప్రసంగం, ఓ మోటివేషనల్ స్పీకర్, గ్రూప్ ఫొటోతో ముగిసింది. సీనియర్ల ర్యాగింగ్‌కి 1997లోనే చట్టం తెచ్చుకున్నాం. సిలబస్ చేసే ర్యాగింగ్‌కి చట్టం లేదు.

అసలు మొదటి సెమిస్టర్‌లో సగం పరీక్ష ఇంగ్లిష్‌కే. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్‌లో ఇంగ్లిష్ పుస్తకాలు బట్టీ పట్టిన పిల్ల వెనక బెంచీలో కూర్చుని, అర్థమైందా అంటే "అయింది సార్" అంటుంది. సీ ప్రోగ్రామింగ్‌లో పాయింటర్ అంటే ఏంటో తెలుగులో చెబితే రెండు నిమిషాల పని. ఇంటి నంబరు వేరు, ఇంట్లో ఉండే మనిషి వేరు; పాయింటర్ ఆ ఇంటి నంబరు లాంటిది. ఆ మాట చెప్పడానికి సార్‌కి మొహమాటం, అడగడానికి పిల్లకు సిగ్గు. ఆ సార్‌ కూడా స్టాఫ్ రూమ్‌లో తెలుగులోనే మాట్లాడతారు మరి. తెలుగులో బీటెక్‌కు ఏఐసీటీఈ 2021లోనే అనుమతిచ్చింది. నేను అంత దూరం కూడా వెళ్లట్లేదు. మొదటి ఆర్నెల్లు వైవాలో, అంటే నోటి పరీక్షలో, తెలుగులో జవాబు చెప్పనివ్వండి. ఫిజిక్స్ ల్యాబ్‌లో రీడింగులన్నీ సరిగ్గా తీసి, రికార్డులో గ్రాఫ్ చక్కగా గీసిన పిల్ల, బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఎదుట నోరు పెగలక సున్నా తెచ్చుకుంటే ఆ సున్నా ఎవరిది?

సిలబస్, పరీక్షలు తామే చూసుకునే అటానమస్ కాలేజీలకు సొంత అకడమిక్ కౌన్సిళ్లున్నాయి. వాటిలో ఒక్కటైనా ఈ సవరణ పెట్టి చూడొచ్చు. వచ్చే బ్యాచ్ చేరేలోపు ఒక్క మీటింగ్ చాలు.