రెప్పల లెక్క

మా ఇంట్లో సినిమా పెడితే నేను సినిమా చూడను, అమ్మానాన్నల్ని చూస్తాను. నాన్న ముప్పై ఏళ్లకు పైగా ఖాతాలు ఆడిట్ చేసి రిటైరయ్యాడు. అలవాటు మాత్రం రిటైర్ కాలేదు, ఇప్పుడు సినిమాల్ని ఆడిట్ చేస్తున్నాడు. అమ్మ సంస్కృతం టీచరు. ఆవిడా రిటైరైంది కానీ, చివరి బెంచీ దాకా వినపడే ఆ గొంతు ఇంకా సర్వీసులోనే ఉంది.

మొన్న రాత్రి ఇద్దరూ ఓ హత్య సినిమా పెట్టుకున్నారు. నేను పక్క గదిలో లాప్‌టాప్ ముందు పని ఉన్నట్టు నటిస్తున్నాను. తలుపు ఓరగా తెరిచి ఉంది. తెరిచింది నేనే.

అమ్మ: ఏమండీ, సినిమా అటుంది.

నాన్న: తెలుసు.

అమ్మ: మరి మీరు ఇటు తిరిగి కూర్చున్నారేం? మెడ పట్టేసిందా?

నాన్న: మెడ బాగానే ఉంది. నువ్వు సినిమా చూసుకో. నన్ను పట్టించుకోకు. నీ రెప్పలు లెక్కపెడుతున్నాను.

అమ్మ: నా... ఏవిటీ?

నాన్న: రెప్పలు. 2009లో జపాన్‌లో ఓ పరిశోధన చేశారు. ఒకే కామెడీ వీడియో కొంతమందికి చూపించి, ఎవరు ఎప్పుడు రెప్ప వేస్తున్నారో గమనించారు. అందరి రెప్పలూ చాలావరకు ఒకే చోట పడ్డాయట. ఓ పని ముగిసిన దగ్గర, ముఖ్యమైన మనిషి తెరమీద లేని దగ్గర. ఊరికే ప్రకృతి దృశ్యాలు చూపిస్తే మాత్రం ఎవరి రెప్ప వాళ్లదే. అంటే కథ నడుస్తున్నప్పుడు, ఇక్కడ మూసుకున్నా నష్టం లేదని మనకి తెలియకపోయినా మన కంటికి తెలుస్తుందన్నమాట.

అమ్మ: మీ కంటికి మరీ ఎక్కువ తెలుసు. ఇంటర్వెల్‌కి ముందు మూస్తే మళ్లీ పేర్లు పడుతున్నప్పుడే తెరుస్తారు.

నాన్న: అది నిద్ర కాదు, ఆలోచన.

అమ్మ: ఆలోచనకి గురక ఎందుకండీ?

నాన్న: రీళ్ల రోజుల్లో సెకనుకి 24 బొమ్మలు తిరిగేవి. ఒక బొమ్మ పోయి ఇంకోటి వచ్చేలోపు షట్టర్ అడ్డుపడి తెర చీకటయ్యేది. అంటే టికెట్ కొని మరీ జనమంతా చాలాసేపు చీకటినే చూశారు. నేనొక్కణ్ణే కాదు.

(నాన్న ఒళ్లో పాత డైరీ ఉంది. తర్వాత తీసి చూశాను. స్కేలుతో గీతలు గీసి మూడు గడులు: సమయం, రెప్ప, ఇతరములు. ఇతరముల కింద మొదటి ఎంట్రీ: "నిట్టూర్పు - 1. కారణం: నేను.")

అమ్మ: వీడే.

నాన్న: ఎవడు?

అమ్మ: ఆ తోటమాలి. వీడే చంపాడు.

నాన్న: ఇంకా ఎవరూ చావలేదు కదే!

అమ్మ: చస్తారు. అంత పేరున్న నటుణ్ణి పిలిచి ఊరికే మొక్కలకి నీళ్లు పోయిస్తారా? మూడుసార్లు కనిపించాడు, ఒక్క డైలాగూ లేదు. వాడి డైలాగులన్నీ చివరికి దాచారు.

నాన్న: అయిపోయింది. ఇంక రెండు గంటలు నేనేం చూడాలి?

అమ్మ: మీరెలాగూ నన్నే చూస్తున్నారు కదా! అయినా పరిశోధనలు మీరొక్కరే చదువుతారనుకోకండి. 2011లో కాలిఫోర్నియాలో కొంతమందికి కథలిచ్చి చదివించారు. కొన్ని కథలకి ముగింపు ముందే చెప్పేశారు. ముగింపు తెలిసి చదివిన కథలే ఎక్కువ నచ్చాయట.

నాన్న: అవి కాగితం మీది చిన్న కథలు. పక్కన కూర్చుని చెవిలో "వీడే" అనే మనిషిని ఆ పరిశోధనలో పెట్టలేదు. పెడితే ఫలితం వేరేగా వచ్చేది.

అమ్మ: పోనీ, సస్పెన్స్ సినిమాల డైరెక్టరు హిచ్‌కాక్ మాటైనా వింటారా? బల్ల కింద బాంబు ఉన్నట్టుండి పేలితే ప్రేక్షకుడికి పదిహేను సెకన్ల ఉలికిపాటు. బాంబు ఉందని ముందే చూపించి, బల్ల దగ్గర వాళ్లచేత తీరిగ్గా కబుర్లు చెప్పిస్తే పదిహేను నిమిషాల టెన్షన్. నేను మీకు బాంబు చూపించాను. తప్పా?

నాన్న: అదే హిచ్‌కాక్ 1960లో సైకో తీసి, ఆట మొదలయ్యాక ఒక్కర్ని కూడా లోపలికి రానివ్వొద్దన్నాడు. ముగింపు బయట చెప్పొద్దని జనాన్ని బతిమాలుకున్నాడు. బాంబు ఎప్పుడు చూపించాలో, ఎప్పుడు దాచాలో డైరెక్టరు ఇష్టం. పెళ్లాం ఇష్టం కాదు.

అమ్మ: ఆ సినిమాలోనే, చచ్చిపడున్న మనిషిలో చిన్న కదలిక ఉందని విడుదలకి ముందు పట్టుకున్నది ఎవరంటారు? ఆయన భార్య ఆల్మా అని చెబుతారు. అంతమంది చూసినా ఎవరికీ కనపడంది పెళ్లాం కంటికి కనపడింది. ఆవిడ స్వయంగా ఎడిటర్ కూడా.

(కాసేపు నాన్న వైపు నుంచి జవాబు లేదు. డైరీలో ఆ నిమిషానికి ఎదురుగా "ఇతరములు: నేను ఓడిపోయాను" అని నిజాయితీగా రాసుకున్నాడు. ఆడిటర్ కదా.)

నాన్న: ఎడిటర్ అంటే గుర్తొచ్చింది. వాల్టర్ మర్చ్ అని ఓ పెద్ద ఎడిటర్ ఉన్నాడు. షాట్ ఎక్కడ కత్తిరించాలా అని ఆలోచించి ఓ చోట నిర్ణయించుకుంటే, సరిగ్గా ఆ దగ్గర్లోనే నటుడు రెప్ప వేస్తున్నాడట. ఒక ఆలోచన ముగిస్తే రెప్ప, ఒక షాట్ ముగిస్తే కట్. రెండూ ఒకటేనన్నాడు.

అమ్మ: అయితే నేను మాట్లాడుతుంటే మీరు టపటపా రెప్పలేస్తారే, నా మాట కట్ చేస్తున్నట్టా?

నాన్న: అంత ధైర్యం ఎక్కడిది? అది మామూలు దుమ్ము.

ఇంతలో సినిమాలో పెద్దాయన చచ్చిపోయాడు. వర్షం, ఉరుము, మెట్లమీద టార్చిలైటు. నాన్న మెడ ఇటే ఉంది కానీ చూపు మాత్రం అమ్మ కళ్లద్దాల మీద ఆగిపోయింది. రెండు అద్దాల్లో రెండు చిన్న సినిమాలు, గోరంత తెరలు, ఒక్కోదాంట్లో ఓ బంగళా, చీమంత డాక్టరు. అమ్మ తల కొంచెం ఊపితే ఆ బంగళాలు రెండూ ఒరిగి మళ్లీ నిలబడుతున్నాయి.

నాన్న: ఆపు! ఆపు! దొరికాడు!

అమ్మ: ఎవడు? హంతకుడా?

నాన్న: డైరెక్టరు! ఇందాక నేను టీవీ వైపు చూసినప్పుడు డాక్టరుకి కట్టు ఎడమ చేతికుంది. ఇప్పుడు కుడి చేతికొచ్చింది. కోట్లు పోసి తీస్తారు, ఒక కట్టు ఎటుందో చూసుకోరు. నలుగురు అసిస్టెంట్లుంటారు, ఏం చేస్తున్నట్టు?

అమ్మ: ఎడమకే ఉందండీ.

నాన్న: కుడి! నా కళ్లతో చూస్తున్నాను.

అమ్మ: మీ కళ్లతో కాదు, నా కళ్లద్దాల్లో చూస్తున్నారు. అద్దంలో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. ముప్పై ఏళ్లు ఆడిట్ చేశారు, ఎంతమందికి ఇలా అటూ ఇటూ చేసి మెమోలిచ్చారో పాపం.

నాన్న: (చాలాసేపటికి) ...కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉండాలి.

ఈసారి అమ్మ నవ్వింది. చిన్న నవ్వు కాదు, పొట్ట పట్టుకుని నవ్వింది. ఎందుకు నవ్వుతోందని విసుక్కుంటూనే నాన్నా నవ్వాడు. పక్క గదిలో నేను కూడా. ఎవరైనా ఒంటరిగా కంటే పక్కన మనిషి ఉన్నప్పుడు ముప్పై రెట్లు ఎక్కువ నవ్వుతారని రాబర్ట్ ప్రొవైన్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. గోడ అవతల మనిషి ఉంటే ఎన్ని రెట్లో చెప్పలేదు.

అమ్మ: అబ్బ, ఆ పనిమనిషి ముఖం చూడండి. ఎంత దిగులు!

నాన్న: దిగులేం లేదు. దిగులంతా వయొలిన్‌లో ఉంది. సౌండ్ తీసేసి చూడు, ఊరికే గోడ వైపు చూస్తోంది. రష్యాలో కులెషోవ్ అనే డైరెక్టరు వందేళ్ల కిందటే చూపించాడు. ఒక నటుడి ముఖం, ఏ భావమూ లేని ముఖం. పక్కన సూప్ గిన్నె చూపిస్తే జనం ఆకలన్నారు, శవపేటిక చూపిస్తే దుఃఖమన్నారు. ముఖం మాత్రం అదే. భావం పెట్టేది మనమే.

అమ్మ: నిజమేనండోయ్. ఒకే ముఖం. పక్కన కరెంటు బిల్లు పెడితే ఆందోళన, దిండు పెడితే పరమానందం.

నాన్న: ఎవరి ముఖం?

అమ్మ: కులెషోవ్ నటుడిదే లెండి.

(అప్పుడే సినిమాలో ఓ లారీ హెడ్‌లైట్లతో నేరుగా కెమెరా మీదికొచ్చింది. చప్పుడుకి టీవీ వైపు తిరిగిన నాన్న రెండు కాళ్లూ సోఫా మీదికి లాగేసుకున్నాడు.)

అమ్మ: కాళ్లేమయ్యాయి?

నాన్న: చలి. అయినా ఇందులో సిగ్గేముంది? 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు మొట్టమొదటిసారి టికెట్లు పెట్టి సినిమా ఆడించినప్పుడు, తెరమీద రైలు చూసి జనం లేచి పారిపోయారు. నేను కాళ్లు మాత్రమే తీశాను.

అమ్మ: ఆ రోజు పది చిన్న సినిమాలు వేశారు. ఆ రైలు అందులో లేనే లేదు. 1896లో గానీ చూపించలేదు. జనం పారిపోయారన్నది కూడా తర్వాత పుట్టిన కథే. చరిత్రకారులు నమ్మరు.

నాన్న: అయితే సినిమా చూసి కాళ్లు తీసిన మొదటి మనిషిని నేనేనా?

అమ్మ: ఆ గౌరవం మీకే ఉంచుకోండి. ఇక కాసేపు నోరు మూసుకుంటారా? భరతుడు నాట్యశాస్త్రంలో ప్రదర్శనకి సిద్ధి, అంటే సఫలత, రెండు రకాలన్నాడు. ప్రేక్షకులు నవ్వడం, "సాధు సాధు" అనడం, "అయ్యో కష్టం" అనడం, ఒళ్లు గగుర్పొడవడం, ఒంటిమీది వస్త్రం తీసి బహుమతిగా ఇచ్చేయడం, ఇదంతా మానుషీ సిద్ధి.

నాన్న: ఈ సినిమాకి బటన్ కూడా ఇవ్వను.

అమ్మ: వినండి. సభ నిండా జనం ఉండి కూడా చప్పుడు లేకుండా, కదలిక లేకుండా ఉంటే అది దైవికీ సిద్ధి. అదే పెద్దది. మీరు ఒక్క అరగంట నోరు మూస్తే ఈ సినిమాకి అది దక్కుతుంది. వాళ్ల అదృష్టం మీ చేతుల్లో ఉంది.

నాన్న: సభ నిండలేదు కదే. ఇద్దరమే.

అమ్మ: మీరొక్కరే చాలు, సభ నిండినట్టే ఉంటుంది.

ఆశ్చర్యం, నాన్న నిజంగానే నోరు మూశాడు. ఇంట్లో వయొలిన్ తప్ప ఇంకేం వినపడలేదు. ఓ పిస్తోలు పేలింది. ఎవరో ఏడ్చారు. ఓ గొంతు చాలాసేపు ఏదో ఒప్పుకుంది. నేను ఓరతలుపులోంచి చూస్తే నాన్న అదే భంగిమలో ఉన్నాడు, పెన్సిలు నిలువు గీతలు గీస్తోంది. అమ్మ తెరవైపు తిరిగి బిగుసుకుపోయి కూర్చుంది. పెదవులు మాత్రం కొద్దిగా కదులుతున్నాయి. జపం చేస్తోందనుకున్నాను.

పేర్లు పడటం మొదలైంది.

నాన్న: చివరి అరగంటలో 214. ఫస్ట్ క్లాస్ శ్రద్ధ!

అమ్మ: 216.

నాన్న: ఏం 216?

అమ్మ: రెప్పలు. రెండు మింగేశారు.

నాన్న: నీకెలా తెలుసు?

అమ్మ: నేనూ లెక్కపెట్టాను. మీరు దొంగలెక్క రాస్తారేమోనని. తెరవైపు చూస్తూనే, నా రెప్పలు నేనే.

నాన్న: సొంత రెప్పలు లెక్కపెట్టుకుంటే ఆ లెక్క చెల్లదు! లెక్కపెట్టడం మొదలెడితే రెప్ప మామూలుగా పడదు. ఆడిట్ చేయాల్సింది బయటివాళ్లు.

అమ్మ: బయటివాళ్లకి కుడి ఎడమ తెలిస్తే కదా!

నాన్న: సరే, 215 అనుకుందాం. ఇంతకీ చంపిందెవరు?

అమ్మ: మీరు చూడలేదా?

నాన్న: నేను నిన్ను చూస్తున్నాను. నువ్వు?

అమ్మ: నేను లెక్కపెడుతున్నానని చెప్పాను కదండీ. ఎవరో ఏదో ఒప్పుకున్నట్టున్నారు. అప్పటికి నూట డెబ్భై దగ్గరున్నాను. వింటే లెక్క తప్పుతుందని వినలేదు.

నాన్న: తోటమాలేనా?

అమ్మ: ...అయ్యుండాలి.

ఇద్దరూ ఒకేసారి తలుపు వైపు తిరిగారు. నేను దొరికిపోయాను. నాకు ఆ సినిమా తెలుసు, పోయిన నెలే చూశాను.

"తోటమాలి కాదు," అన్నాను లోపలికొచ్చి. "అసలు చంపింది..."

"చెప్పకు!" అని గట్టిగా అరిచింది అమ్మ. నాన్న రిమోట్ తీసి వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. పిస్తోలు దగ్గర్నుంచా, లారీ దగ్గర్నుంచా అని ఇద్దరికీ మళ్లీ మొదలైంది.