విటమిన్ డి 30 దాటకపోతే ఎముకలు కరిగిపోతాయా?

"మీ విటమిన్ డి 30 కంటే తక్కువగా ఉందా? అయితే ఎముకలు కరుగుతున్నట్టే. 80 నుంచి 100 మధ్య ఉంచుకోండి. ఒళ్ళు నొప్పులు, నీరసం, జుట్టు రాలడం అన్నిటికీ ఇదే మూలం. ఉదయం ఏడు గంటల ఎండలో నిలబడండి, చాలకపోతే 60,000 యూనిట్ల పొడి వేసుకోండి. విటమినే కాబట్టి హాని లేదు. అందరూ ఏటా పరీక్ష చేయించుకోవాలి." ఈ సందేశం మా బంధువుల వాట్సాప్ బృందంలోకి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. మా ఇంట్లో ఒకరు దీన్ని నమ్మి ఆసుపత్రి పాలయ్యారు కనుక, ఒక్కొక్క మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందుగా ఆ 30 సంగతి. మిల్లీలీటరు రక్తంలో 30 నానోగ్రాములు ఉంటేనే చాలినంత అని 2011లో అమెరికాలోని హార్మోన్ల వైద్యనిపుణుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ చెప్పింది. మన ల్యాబ్ రిపోర్టులు చాలావరకు నేటికీ ఆ గీతనే పట్టుకున్నాయి. దాదాపు అదే సమయంలో ఆ దేశపు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఎముకల ఆరోగ్యాన్ని ఆధారంగా తీసుకుని, 20 ఉంటే నూటికి 97 మందికి పైగా సరిపోతుందని తేల్చింది. ఆ లెక్కలో సగటు మనిషి అవసరం 16 మాత్రమే. 20 అన్నది ఎక్కువ అవసరమయ్యేవారిని కూడా కలుపుకుని పెట్టిన హద్దు. అందుచేత 18 వచ్చిన ప్రతి ఒక్కరికీ లోపం ఉన్నట్టు కాదు. 12 కంటే దిగితే మాత్రం తప్పకుండా పట్టించుకోవాలి. ఇక ఎండోక్రైన్ సొసైటీ తానే 2024లో కొత్త మార్గదర్శకాలు ఇస్తూ 30 అనే పాత గీతను వదిలేసింది. ల్యాబ్ కాగితం మీద ఎర్ర అక్షరాలు మాత్రం మారలేదు.

కొలమానం కూడా చూసుకోవాలి. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో లీటరుకు నానోమోల్స్‌లో ఇస్తారు. దాన్ని 2.5తో భాగిస్తే మన లెక్క వస్తుంది. లండన్‌లో ఉన్న కూతురికి 55 వచ్చిందని, తనకు 22 మాత్రమే ఉందని ఇక్కడి తల్లి కంగారుపడితే, ఇద్దరివీ ఒకటే అని ఎవరైనా చెప్పాలి. పైగా ఒకే రక్తాన్ని రెండు ల్యాబ్‌లకు ఇస్తే రెండు అంకెలు రావచ్చు. నిల్వలు తెలియాలంటే చేయవలసింది 25-హైడ్రాక్సీ విటమిన్ డి పరీక్ష. 1,25 అని ఉండే పరీక్ష వేరు, లోపం ఉన్నా అందులో మామూలుగానే కనబడవచ్చు.

80, 100 ఉంటే మరింత మేలు అనే మాటకు ఆధారం లేదు. అమెరికాలో వైటల్ అనే ప్రయోగంలో 25,871 మందిని తీసుకుని, సగం మందికి ఐదేళ్ళకు పైగా రోజూ 2,000 యూనిట్లు ఇచ్చారు. క్యాన్సర్ రావడం గాని, గుండెపోటు గాని, ఎముకలు విరగడం గాని తగ్గలేదు. వారిలో చాలామందికి మొదటే లోపం లేదన్నది నిజమే, కానీ ఈ సందేశం చేరేది కూడా అలాంటివారికే. ఆస్ట్రేలియాలో 70 దాటిన స్త్రీలకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే, వారే ఎక్కువగా పడిపోయారు, వారి ఎముకలే ఎక్కువగా విరిగాయి. ఆ ఫలితాలు 2010లో వచ్చాయి.

నొప్పుల విషయం. తీవ్రమైన లోపంలో ఎముకలు మెత్తబడి నొప్పి పుడుతుంది, తొడల్లో బలం తగ్గి కింద కూర్చుంటే లేవడం కష్టమవుతుంది. మన దేశంలో ఇది నిజంగా ఉన్న సమస్యే. అయితే నీరసానికి రక్తహీనత, థైరాయిడ్, మధుమేహం కూడా కారణాలే. డి దగ్గర ఆగిపోతే అవి బయటపడవు.

ఉదయం ఏడు గంటల ఏటవాలు ఎండలో చర్మానికి కావలసిన కిరణాలు చాలా తక్కువ. తిరుపతిలో చేసిన పరిశీలనలో పదకొండు నుంచి రెండు గంటల మధ్య ఎండలోనే విటమిన్ బాగా తయారైంది. కిటికీ అద్దం వెనక కూర్చుంటే ఏ వేళైనా ఫలితం ఉండదు.

అందరికీ ఏటా పరీక్ష అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు మామూలుగా చేయవద్దనే 2024 మార్గదర్శకాలు చెప్పాయి. ఎముకలు గుల్లబారినవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, పేగులు పోషకాలను సరిగా పీల్చుకోలేనివారు, మూర్ఛ మందులు వాడేవారు చేయించుకోవాలి.

ఇక హాని లేదన్న మాట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు రోజుకు 600 యూనిట్లు చాలంది. అంటే ఒక్క పొడి పొట్లం వంద రోజుల అవసరం. లోపం ఉన్నవారికి వైద్యులు దాన్ని వారానికొకటి చొప్పున సాధారణంగా ఎనిమిది వారాలు ఇస్తారు. మా మేనత్త ఆ సందేశం చదివి మందుల దుకాణంలో తానే కొనుక్కుని, నెలన్నర పాటు రోజుకొకటి పాలలో కలుపుకుని తాగింది. ఈ విటమిన్ కొవ్వులో నిల్వ ఉంటుంది, ఎక్కువైనంత మాత్రాన మూత్రంలో పోదు. పేగుల నుంచి కాల్షియంను అదేపనిగా రక్తంలోకి లాగుతుంది. మొదట వికారం, మలబద్ధకం, తర్వాత తీరని దాహం, మాటల్లో తడబాటు. రక్తంలో కాల్షియం హద్దు దాటి, మూత్రపిండాల మీద భారం పడి, ఆరు రోజులు సెలైన్ మీద ఉంచారు. పొడి మానేసినా కాల్షియం కుదుటపడడానికి వారాలు పట్టింది.

ఆమెను అంతగా భయపెట్టిన మొదటి రిపోర్టు నా దగ్గరే ఉంది. అందులో ఉన్న అంకె 24.