మా అమ్మాయి చెప్పకుండా మిగిలిపోయిన ఆరు నిమిషాలు

మొన్న మన తెలుగు సంఘం ఉగాది సంబరాలకి వచ్చినవాళ్ళకి నేను దేని గురించి రాస్తున్నానో చెప్పక్కర్లేదు. పంచాంగ శ్రవణం అయ్యాక భోజనాలకి ముందు యూత్ స్లాట్‌లో మా అమ్మాయి ఒక యానిమే, అంటే జపాన్ వాళ్ళ యానిమేషన్ సీరియల్, గురించి తెరమీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడింది. పదిహేడేళ్ళ పిల్ల. పది నిమిషాలు ఇచ్చారు, నాలుగో నిమిషంలో మైకు ఆపేశారు. "పండగ పూట ఈ రక్తాలేంటమ్మా" అని వెనక నుంచి ఒక పెద్దాయన అన్నారు, ఇంకో ఇద్దరు వంత పాడారు, అంతే, పిల్ల స్టేజి దిగి నేరుగా పార్కింగ్ లాట్‌లోకెళ్ళి కార్లో కూర్చుంది. తర్వాతి ఐటెం గుర్తుందిగా? ఎనిమిదేళ్ళ మగపిల్లలు అట్ట గొడ్డళ్ళకి ఎర్ర రంగు పూసుకుని సినిమా పాటల మెడ్లీ చేశారు, ఒకడు ఇంకొకడి మెడ మీద గొడ్డలి ఆనిస్తే హాలంతా విజిల్స్. అందులో మా తోడికోడలి కొడుకున్నాడని నేనూ చప్పట్లు కొట్టా. అక్కడ కార్లో నా కూతురు ఏడుస్తుంటే ఇక్కడ నేను చప్పట్లు కొడుతున్నా, అది ఇప్పటికీ నాకు మింగుడు పడట్లేదు.

ఆ సీరియల్ పేరు సైకో పాస్. 2012లో జపాన్ టీవీలో అర్ధరాత్రి స్లాట్‌లో వచ్చిన యానిమే, అంటే వాళ్ళు కూడా చిన్నపిల్లలకని తియ్యలేదు. కథ 2112లో జరుగుతుంది. మనిషి మనసుని వీధి వీధికీ స్కానర్లు కొలుస్తుంటాయి, ఎవరు ఏ ఉద్యోగానికి పనికొస్తారో, ఎవరు నేరం చెయ్యబోతున్నారో అంతా సిబిల్ అనే సిస్టమ్ చెప్తుంది. మనూళ్ళో లోన్ ఇచ్చే ముందు చూసే సిబిల్ స్కోరుతో పేరు కలవడం ఊరికే జరిగిందే, కానీ క్రెడిట్ స్కోరు, వీసా నంబరు, పిల్లల జీపీఏ, వీటి మధ్యే బతుకుతున్న మనకి ఆ లోకం అంత పరాయిదేం కాదు. పోలీసుల చేతిలో తుపాకీ కూడా, ఎదుటి మనిషి నేరం చేసే అవకాశం ఎంతో చెప్పే స్కోరు చూసే పేలుతుంది. వంద లోపుంటే పేలదు, వంద దాటితే స్పృహ తప్పిస్తుంది, మూడొందలు దాటితే మనిషి ముక్కలైపోతాడు. మొదటి ఎపిసోడ్‌లోనే కిడ్నాపై, నానా హింస పడిన ఒక ఆడమనిషి స్కోరు ఆ భయానికే పెరిగిపోతుంది, బాధితురాలి మీదకే తుపాకీ తిరుగుతుంది. అడ్డుపడేది అకానే అని ఆరోజే డ్యూటీలో చేరిన అమ్మాయి.

మా అమ్మాయి తెరమీద పెట్టిన బొమ్మ పధ్నాలుగో ఎపిసోడ్‌లోది. పట్టపగలు నడిరోడ్డు మీద ఒకడు ఒక ఆడమనిషిని సుత్తితో కొట్టి చంపుతుంటాడు. చుట్టూ జనం ఉంటారు, ఎవరూ కదలరు. వాడి నెత్తిమీద హెల్మెట్ పక్కవాళ్ళ మంచి స్కోరుని కాపీ కొడుతోంది కాబట్టి స్కానర్ మోగదు, స్కానర్ మోగలేదంటే నేరం జరగట్లేదనే లెక్క, అలా అలవాటైపోయారు వాళ్ళు. ఆ రక్తం చూసి మనవాళ్ళు మైకు ఆపారు, ఆ జనం గురించి పిల్ల చెప్పబోయేది వినలేదు.

నేను తెనాలి దగ్గర పల్లెటూళ్ళో పుట్టా. ఆరేళ్ళప్పుడు గుడి ముందు ప్రహ్లాద నాటకం చూశా. కాయితం స్తంభం చీల్చుకుని నరసింహస్వామి వేషగాడు బయటికొచ్చి, హిరణ్యకశిపుణ్ణి ఒళ్ళో వేసుకుని పొట్టలోంచి ఎర్రగుడ్డ పేగుల్లా లాగి మెళ్ళో వేసుకుంటే నేను కెవ్వున అరిచా. మా తాతయ్య నన్ను ఇంటికి తీసుకుపోలేదు, కళ్ళూ మూయలేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెవిలో చెప్తూనే ఉన్నాడు, పగలు చావు లేదు రాత్రి చావు లేదు, ఇంట్లో లేదు బయట లేదు, మనిషి చేతిలో లేదు జంతువు చేతిలో లేదు అని వరం ఉంది కదా ఇంకెవరేం చేస్తారనుకున్నాడమ్మా వీడు, అని. ఆ రాత్రి కల్లోకి కూడా వచ్చింది, కానీ ఆ వరం మాట మర్చిపోలేదు. యాభై ఏళ్ళకి దగ్గరపడి సోఫాలో కూతురి పక్కన కూర్చుని పదకొండో ఎపిసోడ్ చూస్తుంటే, మకిషిమా అనే విలన్ అకానే కళ్ళముందే ఆమె స్నేహితురాలి గొంతు కోస్తున్నాడు, వాడి స్కోరు పెరగడం పోయి తగ్గుతోంది, ఆమె చేతిలో తుపాకీ పేలట్లేదు. మా అమ్మాయి అంది, "అమ్మా, వీడికీ వరం ఉంది". నేను ఎప్పుడో చెప్పిన తాతయ్య కథ దానికి గుర్తుంది.

అన్నీ వెనకేసుకు రావట్లేదు. అదే సిరీస్‌లో స్కూలు ఆడపిల్లల శవాల్ని బొమ్మల్లా అలంకరించే భాగం ఉంది, కెమెరా అక్కడ అవసరానికి మించి ఆగుతుంది, నాకు నచ్చలేదు, దాని మీద ఇద్దరం రెండు రోజులు వాదించుకున్నాం. ఒకప్పుడు నేరుగా వీడియో టేపుల మీద అమ్మిన యానిమేల్లో నరకడం తప్ప కథే లేనివి కూడా ఉన్నాయి. అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదనే నేననేది. 1988లో వచ్చిన అకీరా అనే యానిమే సినిమా టోక్యో మీద తెల్లటి వెలుగు పేలడంతో మొదలవుతుంది, హిరోషిమా చూసిన దేశం ఆ వెలుగుని ఊరికే గియ్యదు.

హాల్లో నాలుగైదేళ్ళ పిల్లలున్న మాట కూడా నిజమే, ఆ బొమ్మ వాళ్ళ ముందు పెట్టాల్సింది కాదు. నేను ముందే చూసి చెప్పాల్సింది, ఆ తప్పు నాది. కానీ గొడ్డళ్ళ డాన్స్ టైముకీ ఆ పిల్లలు అక్కడే ఉన్నారు కదా. మనది అలవాటైన రక్తం, జపాన్ వాళ్ళది కొత్త రక్తం, తేడా అంతేనా?

కమిటీ వాళ్ళని అడిగేది ఒక్కటే. దీపావళి ప్రోగ్రాంలో స్టేజి వద్దు, వెనక క్లాస్‌రూమ్ ఒకటి గంటసేపు ఇవ్వండి, పదహారు దాటిన పిల్లలకీ, వాళ్ళతో కూర్చునే ఓపికున్న పెద్దలకీ. తలుపు మీద వయసు రాసి పెడదాం, చాయ్, పకోడీ నేను తెస్తా. ఆ రోజు వెనక నుంచి అరిచిన పెద్దాయన్ని కూడా పేరు పేరునా పిలుస్తున్నా, దయచేసి రండి బాబాయిగారూ, ముందు వరసలో కూర్చోండి.

ఉగాదికి ముందు వారం మా అమ్మాయి నన్నడిగింది, కళ్ళముందు ఘోరం జరుగుతుంటే నిలబడి చూసేవాళ్ళని తెలుగులో ఏమంటారమ్మా అని. చోద్యం చూడటం అంటారని చెప్పా. రెండు మూడుసార్లు పలికి చూసుకుని, తనే తెలుగులో టైప్ చేసుకుంది. అది అయిదో స్లైడు. దాని దాకా రానివ్వలేదు.